దుబాయి కొలువు: రెండేండ్ల కాపురము



మన యిందల్వాయి ప్రాంతమున దుబాయి యను మాట యెరుగని యిల్లు లేదు. అయినను అచ్చటికి పోయినవాడు మొదటి రాత్రి యెచ్చట పండుకొనును, ఏమి తినును, సెలవు దినమున నెక్కడ తిరుగును అని యడిగినచో చెప్పగలవారు అరుదు. పైకము వచ్చినదా, రాలేదా యనునదియే మన యూరికి తెలిసిన దుబాయి. ఆ పైకమునకు వెనుక నున్న దినచర్యను గూర్చి నేనెరిగినంత వరకు నేడు మనవి చేసెదను. నేను 2017వ సంవత్సరము ఫిబ్రవరిలో ఒక కట్టడముల కంపెనీలో టైము కీపరుగా, అనగా కూలీల హాజరీ వ్రాయువానిగా, రెండేండ్ల యొప్పందముమీద పోయి 2019లో తిరిగి వచ్చినవాడను.

మనవారి నోట దుబాయి యనగా నొక్క పట్టణము కాదు. మస్కటు పోయినవాడును, కువైటు పోయినవాడును, కతరు, బహరేను, సౌదీ పోయినవాడును మన లెక్కలో దుబాయి పోయినవాడే. నిజమునకు దుబాయి ఏడు చిన్న సంస్థానముల సమాఖ్యలో నొకటి. అబూధాబి, దుబాయి, షార్జా, అజ్మాను, ఉమ్మల్ కువైను, ఫుజైరా యను నారును 1971వ సంవత్సరము డిసెంబరు 2వ తేదీన ఏకమైనవి. రాసల్ ఖైమా కొన్ని వారములు తటపటాయించి 1972 ఫిబ్రవరిలో వచ్చి చేరినది. ఒక్కొక్క దానికి నొక్కొక్క షేకు ప్రభువు. మన గడియారమునకంటె వారి గడియారము గంటన్నర వెనుక నడచును. శంషాబాదులో విమాన మెక్కినవాడు రమారమి నాలుగు గంటలలో అచ్చట దిగును. నిజామాబాదునుండి హైదరాబాదుకు పోయి విమానాశ్రయము చేరుటకే దాదాపు అంత కాలము పట్టును గనుక దూరమను మాటకు నేడు పూర్వపు అర్థము లేదు.

"దుబాయి, బొంబాయి, బొగ్గుబాయి" యని మన తెలంగాణమున నొక నానుడి కలదు. బ్రతుకుదెరువు లేనివానికి ఈ మూడే దారులని దాని భావము. కాని మన జిల్లా యెల్లప్పుడును మనుష్యులను బయటికి పంపిన జిల్లా కాదు. మంజీరానదిమీద 1923లో మొదలిడి 1931లో ముగించిన నిజాంసాగరము క్రింద భూములు తడిసిన పిమ్మట కృష్ణా గోదావరీ మండలములనుండి కాపులు మూటాముల్లె సర్దుకొని మన బోధను, వర్ని, బాన్సువాడ ప్రాంతములకు వచ్చి భూములు కొనిరి. 1930వ దశకమున బోధనులో నైజాము చక్కెర కర్మాగారము వెలసి, దాని చుట్టు శక్కర్‌నగరమను క్రొత్త యూరే యేర్పడెను. ఆనాడు ఇతరులకు మనమే దుబాయి. అట్టి కర్మాగారము 2002లో ప్రైవేటు భాగస్వాముల చేతికి పోయి, 2015 డిసెంబరులో మూతపడినది. బోర్లు ఎండుట, చెరకు కొనువారు లేకుండుట, పసుపు ధర యేటికేడు ఊగుట, ఇవన్నియు కలిసి మన పిల్లలను విమానము దాపునకు నెట్టినవి.

ఆ వచ్చిన కాపులు తమ గుడిసెలు వేసికొన్న స్థలములకు మనవారు క్యాంపులని పేరు పెట్టిరి. తాత్కాలికముగా వచ్చినవారి బస గనుక క్యాంపు. నేటికిని ఆ పేర్లు పోలేదు. కాని ఆ క్యాంపులలో నిపుడు మేడలు, గుడులు, బడులు కలవు. వచ్చినవారు మనవారైపోయిరి. దుబాయిలో కూలివాండ్రుండు బసకును క్యాంపు అనియే పేరు. అచ్చట మాత్రము మనుష్యుడు ముప్పది యేండ్లున్నను క్యాంపువాడే. కొలువున్నంత కాలమే వీసా. కొలువు తీరిన దినమున ప్రయాణము. ఆ దేశపు పౌరసత్వము కూలివానికి దొరకదు. ఒకే మాటకు రెండు దేశములలో నింత భేదమున్నదని నేను అచ్చట మొదటి నెలలోనే తలపోసితిని. ఈ సంగతి మొదట తెలిసి పోయినవాడు తన సంపాదనను ఇచ్చటి భూమికి, ఇచ్చటి పిల్లల చదువునకు లెక్క వేసికొనును. తెలియనివాడు అచ్చటనే యేదో స్థిరపడుదునని భ్రమించి కాలము గడపును.

కాగితముల మాట క్లుప్తముగా చెప్పి ముందునకు పోయెదను. పదవ తరగతి తప్పినవారి పాస్‌పోర్టుమీద ప్రత్యేకముగా ముద్ర యుండును. అట్టివారు గల్ఫు మొదలగు పదునెనిమిది దేశములకు కొలువునకు పోవలెనన్న, 1983 నాటి చట్టము ననుసరించి వలసదారుల సంరక్షణాధికారి యనుమతి పొందవలయును. అనుమతి యున్నచో పది లక్షల రూపాయల భీమా లభించును. రెండేండ్లకు రుసుము 275 రూపాయలు మాత్రమే. సర్కారులో నమోదైన యేజెంటు తన సేవకై ముప్పదివేల రూపాయలు, దానిపై పన్ను, అంతకు మించి తీసికొనరాదని నియమము. ఈ నియమములన్నిటిని తప్పించుకొనుటకే విజిటు వీసా యను చుట్టాలచూపు కాగితముతో మనవారిని పంపుచుందురు. ఆ కాగితముతో దిగినవాడు చట్టము దృష్టిలో కొలువు చేయువాడు కాడు, చూడవచ్చినవాడు. జీతము ఎగవేసినను అడుగుటకు నోరుండదు. పెద్దలు దీనినొక్కదానిని చూచినను చాలును.

ఇక దిగిన పిమ్మటి సంగతి. రక్తపరీక్ష, రొమ్ము ఫొటో, వ్రేలిముద్రలు, గుర్తింపు కార్డు, ఈ తతంగమునకు రెండు మూడు వారములు పట్టినది. మా బస ముహైసనా యనుచోట. దానిని హిందీవారు సోనాపూరు అందురు. బంగారపు ఊరని యర్థము! ఎవరు పెట్టిరో గాని, వేళాకోళమునకు పెట్టిరో ఆశతో పెట్టిరో తెలియని పేరు. వరుసలు వరుసలుగా రెండు మూడంతస్తుల యిండ్లు. ఒక్కొక్క గదిలో ఇనుప మంచములు ఒకదానిపై నొకటి. మా గదిలో ఎనిమిది మందిమి. నేను, డిచ్‌పల్లి వైపు నుండి వచ్చిన యొక పడుచువాడు, కరీంనగరు వారిద్దరు, ఒక నేపాళీ, ఒక పఠాను, ఇద్దరు వంగదేశీయులు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, వంటయింటిలో పొయ్యికొరకు వరుసలో నిలిచి, మధ్యాహ్నపు డబ్బా కట్టుకొని, అయిదింటికి బస్సెక్కవలెను. జొన్నరొట్టెకు బదులు ఖుబ్జు అను రొట్టె. చింతపండు, ఎండుకారము మాత్రము మనవారి దుకాణములలో కావలసినంత దొరకును.

మొదటి నెల గడుచుటయే కష్టము. నిద్ర రాదు. పని క్రొత్త, ఎండ క్రొత్త, గాలిలో సముద్రపు తేమ. ఆ నెలలో జీతము ఇంటికి చేరదు. ఇచ్చట నుండు అప్పువాడు మాత్రము గడువు తప్పడు. మన యిండ్లలో ఆ రెండు మూడు నెలల వడ్డీని కట్టుచున్నది ఆడవారు చుట్టిన బీడీలే యని నేను ఎందరి యిండ్ల సంగతి వినినను తేలినది. దుబాయి పైకము గొప్పగా చెప్పుకొనువారు ఈ బీడీల లెక్కను చెప్పుటలేదు.

మన నిజామాబాదువారికి అచ్చట నొక మేలు కలదు. అది భాష. బజారు ఉర్దూ మనకు చిన్ననాటినుండి చెవిని పడినదే గనుక, పఠానుతోను, బీహారువానితోను, మేస్త్రీతోను మాటలాడుటకు మొదటి దినముననే తడబాటు లేదు. కోస్తావారు దీనిని నేర్చుటకు ఆరునెలలు పట్టును. అరబ్బీ మాత్రము వేరు భాష. అయినను చెవియొగ్గి వినగా అందులో మన పటేలు పట్వారీల దప్తరము వినవచ్చినది. తారీఖు, హిసాబు, జవాబు, వకీలు, తహసీలు, వసూలు, జమ. ఇవన్నియు అరబ్బీనుండి పారసీకము మీదుగా మన గ్రామపు కాగితములలోనికి వచ్చి చేరిన మాటలు. ఖరీఫనగా వారి భాషలో శరదృతువు, రబీయనగా వసంతము. మనము తొలకరి పంటను ఖరీఫని, యాసంగిని రబీయని వ్రాయుచున్నాము. ఒమానులోని సలాలా యను తీరమున మాత్రము మన నైరుతి ఋతుపవనమే కొంత తాకి కొండలను పచ్చబరచునట. ఆ వానకారును వారు ఖరీఫు అనియే యందురు. వాన లేని దేశపు భాషనుండి మనము వానపంటకు పేరు తెచ్చుకొంటిమి గదా యని నవ్వుకొంటిని.

ఎండను గూర్చి చెప్పవలసినది కలదు. జూను 15 మొదలు సెప్టెంబరు 15 వరకు, మధ్యాహ్నము పన్నెండున్నర మొదలు మూడింటి వరకు బయట ఎండలో పని చేయించరాదని ఆ దేశమున నాజ్ఞ కలదు. చేయించిన యజమానికి జరిమానా. ఆ రెండున్నర గంటలు కట్టడపు నీడలో అట్టముక్కలు పరచుకొని వందలమంది పండుకొని యుందురు. నా హాజరీ పుస్తకములో ఆ వేళలు ఖాళీగా నుండవలెను. నీరు త్రాగుట యందు మనవారు అశ్రద్ధ చేయుదురు. దప్పి వేసినప్పుడు త్రాగుట కాదు, దప్పి లేకున్నను గంటకొకసారి త్రాగవలెను. చెమటతో పోయిన ఉప్పును కూడ తిరిగి తీసికొనవలెను. నాటుకు అలవాటుపడిన దేహమని ధీమాతో ఎండలో నిలిచినవారు మొదటి వేసవిలోనే కుప్పకూలుటను చూచితిని.

ఆ నీరెక్కడిదని మీరడుగవచ్చును. ఆ దేశమంతటను ఏడాది పొడవున పారు నది యొక్కటియు లేదు. సముద్రపు నీటినే యంత్రములలో కాచి, ఉప్పు తీసి, గొట్టముల ద్వారా ఇంటింటికి పంపుదురు. జెబెల్ అలీ యనుచోట అట్టి పెద్ద కర్మాగారములు కలవు.

ఆ కాలమున అచ్చట శుక్రవారము సెలవు. 2022 జనవరినుండి సర్కారు కచేరీలకు శని ఆదివారములు సెలవుగా మార్చినారు. మా గదిలో సెలవు దినమున పలువురు బట్టలుతికి, వండుకొని, ఫోను పట్టుకొని పైమంచముమీద పడియుండెడివారు. బయట పోయిన డబ్బు ఖర్చని వారి భయము. నాకు మాత్రము నాలుగు గోడల నడుమ మనస్సు నిలువలేదు. బస్సెక్కి దేరా యను పాతపట్టణమునకు పోయితిని. పెద్ద ఖర్చేమియు లేదు. దుబాయిని రెండుగా చీల్చుచు సముద్రపు పాయ యొకటి లోపలికి వచ్చును. దానిని దాటుటకు అబ్రా యను చెక్కపడవ కలదు. అణా వంతుకు సరియైనట్లు ఒక్క దిర్హము ఛార్జి. జీవితమున మొదటిసారి సముద్రపు నీటిని ముట్టుకొన్నది ఆ పడవమీదనే. గట్టున చెక్కతో చేసిన పెద్ద ఓడలు వరుసగా నిలిచి ఇరానుకు, సోమాలియాకు సరకు లెక్కించుకొనుచుండును. ఆ ప్రక్కనే మసాలాల బజారు. అందులో గోనెసంచి మూతి విప్పి పెట్టిన పసుపును చూచి నిజామాబాదు గంజిలో నిలిచినట్లే తోచినది. ధర యడిగితిని. మన మార్కెట్టులో రైతుకు ముట్టు ధరకు అనేక రెట్లు. దుకాణదారుడు నన్ను కొనువాడని తలచి పసుపు గుణములు వర్ణించుట మొదలిడెను. పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఎండబోసిన యింటివాడనని నేను చెప్పలేదు.

ఆ పాయకు నవతలి గట్టున అల్ ఫహీదీ యను కోట. 1787 ప్రాంతమున కట్టినదట. నేనున్న కాలమున అందు వస్తుప్రదర్శనశాల యుండెను. మూడు దిర్హముల టిక్కెట్టు. అచ్చట నేను చూచిన ముత్యాల సంగతి మీకు తప్పక చెప్పవలెను.

చమురు దొరకక పూర్వము ఆ తీరపువారికి ముత్యములే జీవనము. వేసవి నాలుగు నెలలు ఓడలు సముద్రముమీదనే యుండెడివి. మునుగువాడు ముక్కుకు పట్టుకారు వంటి బిళ్ళ పెట్టుకొని, కాలికి రాయి కట్టించుకొని, మెడకు బుట్ట తగిలించుకొని అడుగునకు దిగి, ఊపిరి పట్టినంతసేపు చిప్పలు ఏరి, త్రాడు కదిపినచో పైనున్నవాడు లాగెడివాడు. దినమునకు పలుమార్లు. వానికి జీతము లేదు, అమ్మకములో వంతు. ఆ వంతునకు ముందుగానే ఓడ యజమాని బయానా యిచ్చెడివాడు. పంట తక్కువైనచో బయానా తీరదు. మరుసటి యేడు మరల అదే ఓడ యెక్కవలెను. తండ్రి చచ్చినచో అప్పు కొడుకుమీద పడుటయు కలదు. ఇది చూచినప్పుడు మన యూళ్ళలో పూర్వముండిన భగేలా జీతగాండ్రు జ్ఞప్తికి వచ్చిరి. దొర దగ్గర పెండ్లికి తీసికొన్న నూరు రూపాయలకు జీవితము ధారవోసిన తాతల పేర్లు మీలో పెద్దవారికి తెలియును. తరువాత జపానువారు పెంపుడు ముత్యములను పండించుట కనిపెట్టిరి. 1929 నాటి ప్రపంచపు ఆర్థికమాంద్యము వచ్చిపడెను. ఆ వ్యాపారము కూలిపోయెను. 1966లో దుబాయిలో చమురు కనబడువరకు ఆ ఊరు బీద ఊరే.

మరియొక వింత. 1966 వరకు ఆ తీరమున చెలామణి యైన నాణెము మన రూపాయియే. 1959లో మన రిజర్వుబ్యాంకు గల్ఫు కొరకు ప్రత్యేకముగా వేరు రంగుల నోట్లు కూడ అచ్చువేసినది. 1966 జూనులో మన సర్కారు రూపాయి విలువ తగ్గింపగా వారు దానిని విడిచి క్రమముగా తమ నాణెములు చేసికొనిరి. దిర్హము 1973లో వచ్చినది. ఒకప్పుడు వారి సంతలో నడచిన మన రూపాయలు పదునెనిమిది పెట్టిన గాని, నేనున్న కాలమున, ఒక్క దిర్హము రాలేదు.

మీరు బుర్జ్ ఖలీఫా సంగతి యడుగుదురని యెరుగుదును. ఊరికి వచ్చినప్పుడెల్ల మొదట నడిగినది అదియే. 2010 జనవరిలో ప్రారంభించిన ఆ కట్టడపు టెత్తు 828 మీటర్లు. క్రిందనుండి మెడ నొప్పి పుట్టువరకు చూచితిని. పైకి పోవు టిక్కెట్టు డబ్బుతో గదిలో వారముల తరబడి కూర వండుకొనవచ్చును గనుక పోలేదు.

దానికంటె నాకు నచ్చినది అల్ ఐన్. దుబాయినుండి బస్సులో రెండు గంటలు పోయినచో ఇసుక నడుమ జెబెల్ హఫీతను కొండ, దాని దాపున తోటల ఊరు. అచ్చటి పాత ఖర్జూరవనమున లక్షా నలుబదివేలకు మించిన చెట్లు కలవందురు. 2011లో ఆ స్థలములను ప్రపంచ వారసత్వముగా ఐక్యరాజ్యసమితి విద్యాసంస్థ గుర్తించినది. తోట నడుమ మట్టిగోడల సందులలో నడచుచుండగా, బయటి యెండ యేమైపోయినదో తెలియదు. మన యీతచెట్టుకు ఖర్జూరము దాయాది. మనము గీసి కల్లు త్రాగుదుము. వారు కాయనుండి కాపాడి పండు తిందురు. ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు. వసంతమున తోటమాలి చెట్టెక్కి మగ పూరెమ్మలను ఆడ గెలలలో కట్టును. గాలికి వదలిన కాయ సరిగా నిలువదు. పది మగ చెట్లకంటె ఒక్క ఆడ చెట్టు మేలు గనుక, విత్తు వేయరు. అరటికివలె తల్లి మొదట వచ్చిన పిలకను తీసి నాటుదురు. విత్తు వేసిన చెట్టు ఆడదో మగదో పూచువరకు తెలియదు గదా.

ఆ తోటకు నీరు వచ్చు విధము చూడదగినది. కొండ మొదట లోతుగా బావి త్రవ్వి, అచ్చటి ఊటను భూమి క్రిందుగా మైళ్ళ దూరము సొరంగముతో, కొంచెము కొంచెము వాలునకు తెచ్చి, తోట దగ్గర పైకి తేల్తురు. దానికి ఫలజని పేరు. మోట లేదు, మోటారు లేదు. పైకి వచ్చిన నీరు చిన్న కాలువలలో చీలి చెట్టు చెట్టుకు పోవును. ఎవరి తోటకు ఎంత నీరు అనునది కాలముతో కొలుచుట. పగలు నీడను, రాత్రి నక్షత్రములను చూచి వంతు మార్చెడివారు. దానికొక పెద్ద యుండెడివాడు. మన చెరువు క్రింద నీరటివాడు తూము పట్టి మడి మడికి వంతు తిప్పినట్లే. నీరు కొరతయైన చోటనెల్ల మనుష్యులు ఇట్టి న్యాయమే కనిపెట్టిరి కాబోలు. మన చెరువుల క్రింద నీరటి మాట చెల్లుబాటు తప్పి, ఎవరి బోరు వారిదైన పిమ్మట నీరెట్లు పోయినదో మీకు నేను చెప్పనక్కరలేదు.

అల్ ఐనుకు నాతో రెండవసారి వచ్చినవాడు మా గదిలోని డిచ్‌పల్లి వైపు పడుచువాడు. వానికిరువదినాలుగేండ్లు. ఎకరము పొలము కుదువబెట్టి, నూటికి మూడు రూపాయల వడ్డీకి లక్షయిరువదివేలు తెచ్చి యేజెంటుకిచ్చి వచ్చినవాడు. వాని లెక్కను మీరును వేసి చూడుడు. జీతము తొమ్మిదివందల దిర్హములు. తిండికి, ఫోనుకు, సబ్బుకు మూడువందలు పోగా ఆరువందలు. అనగా పదివేల ఎనిమిదివందల రూపాయలు. అందు వడ్డీ మూడువేల ఆరువందలు. మిగిలిన ఏడువేల రెండువందలతో తల్లి మందులు, చెల్లెలి చదువు, ఇంటి సరకు. రెండేండ్లలో వడ్డీయే ఎనుబదియారువేల నాలుగువందలు పోవును. అసలు అట్లే నిలుచును. ఓడనుండి దిగలేని ముత్యములవానికిని వీనికిని తేడా యేమున్నది? తేడా యొక్కటి: వీనికి బయానా యిచ్చినవాడు సముద్రమున లేడు, వాని యూరిలోనే కలడు.

తోటలో కాలువగట్టున కూర్చుండి వాడు, "అన్నా, గీ జీతంతోని నా బాకీ తెగదు. బయట పదిహేనువందలిస్తరట. పోతనే" యనెను. కంపెనీ విడిచి, కాగితము లేక బయట పనిచేయువారిని మనవారచ్చట ఖల్లివల్లి యందురు. నేను వానికి ఆ బ్రతుకును విడమరచి చెప్పితిని. భీమా పనికిరాదు, జబ్బు చేసిన ఆసుపత్రికి పోవుటకు భయము, ఇంట నెవరైన పోయినను విమానమెక్క వీలుపడదు, దినమునకింత యని జరిమానా పెరుగుచుండును. వాడు విని తల యూపెను. ఆ శీతకాలముననే యొక రాత్రి సంచి సర్దుకొని పోయినాడు. మరునాడు హాజరీ పుస్తకములో వాని పేరెదుట గైరుహాజరని వ్రాయవలసిన చేయి నాదే. కొన్ని నెలలు జీతము బాగుగనే వచ్చినదట. తరువాత పని యిప్పించినవాడు రెండు నెలల కూలి యెగవేసెను. అడుగుటకు కోర్టు లేదు.

2018 ఆగస్టు 1వ తేదీనుండి ఆ ప్రభుత్వము కాగితములు లేనివారికి క్షమాభిక్ష ప్రకటించి, డిసెంబరు చివరివరకు పొడిగించినది. జరిమానా లేకుండ దేశము విడువవచ్చును. దుబాయివారికి అల్ అవీర్ అనుచోట డేరాలు వేసిరి. వాడు ఫోను చేసెను. ఒక శుక్రవారము వానిని గలిసి, భారత కాన్సులేటులో ప్రయాణపత్రము కొరకు కావలసిన ఫొటోలు, పాత పాస్‌పోర్టు నకలు సమకూర్చితిమి. మన తెలుగు సంఘములవారు అన్నము పొట్లములతో, దరఖాస్తులు నింపుటకు కలములతో అచ్చట నిలిచియుండిరి. వారి శ్రమ మరువరానిది. ఆ డేరాలలో ఒక్క వరుసలోనే మన జిల్లా మాట మాటలాడువారిని పదిమందికి పైగా లెక్కించితిని. ఒకడు తొమ్మిదేండ్లుగా బిడ్డను చూడలేదు, పుట్టుకముందు వచ్చినాడట. మావాడు సెప్టెంబరులో ఊరు చేరెను. పొలము విడిపించుకొనుటకు తండ్రి మరి అరయెకరము అమ్మవలసి వచ్చినది.

నేను మాత్రము ఒప్పందము ముగించి వచ్చితిని. అందలి యొక సంగతి పెద్దలు గమనింపవలెను. కొలువు ముగించిన వానికి ఏడాదికి ఇరువదియొక్క దినముల జీతము చొప్పున ముగింపు సొమ్ము ఆ దేశపు చట్టము ప్రకారము రావలయును. కాని దానిని లెక్కగట్టునది మొత్తము జీతముమీద కాదు, మూలజీతముమీద. తొమ్మిదివందలును మూలజీతమైనచో రెండేండ్లకు వేయిన్ని రెండువందల అరువది దిర్హములు వచ్చును. అందు ఆరువందలే మూలజీతమని, మిగిలినది బత్తెమని వ్రాసినచో ఎనిమిదివందల నలుబదియే. కాగితముమీద ఒక్క గీత మారినచో నాలుగువందల యిరువది దిర్హములు పోవును. సంతకము చేయు దినమున దీనినెవరును చదువరు.

దేవుని గూర్చియు మన పెద్దలు తప్పక యడుగుదురు. నేనున్నప్పుడు బర్ దుబాయిలోని ఇరుకు సందులో పాత గుడి యుండెను. శ్రీరామనవమినాడు మన యిందల్వాయి రామాలయపు కల్యాణము తలచుకొని అచ్చటికి పోయితిమి. తరువాత 2022 అక్టోబరులో జెబెల్ అలీలో పెద్ద గుడి తెరచినారు; 2024 ఫిబ్రవరిలో అబూధాబిలో రాతితో కట్టిన మరియొక గొప్ప మందిరము వెలసినది.

ఆ డిచ్‌పల్లి వైపు పడుచువాడు ఇప్పుడు వరికోత యంత్రము నడుపుచున్నాడు. పోయిన నెలలో తన తమ్ముని ఒప్పందపు కాగితము పట్టుకొని మా యింటికి వచ్చెను. తమ్ముడు షార్జా పోవునట. కాగితము ఇంగ్లీషులోను అరబ్బీలోను ఉన్నది. మూలజీతము ఆరువందలు, బత్తెము మూడువందలు. యేజెంటు నమోదు సంఖ్య వ్రాయలేదు. తిరుగు టిక్కెట్టు ఎవరిదో వ్రాయలేదు. ఈ మూడు చోట్లను సీసపు కలముతో గీతలు గీచి, జవాబు తెచ్చువరకు తండ్రిని వ్రేలిముద్ర వేయవద్దంటిని. కాగితము మా యింటనే యున్నది. యేజెంటు జవాబు ఇంకను రాలేదు.